పదకొండో మరలో జ్ఞానదంతం

సరుకు పడవ వెళ్లిన 6వ రోజు

గాలిమర రెక్కలు మూడూ సమంగా తిరుగుతున్నాయి. మంచినీటి జల్లెడ కడిగాను. మర పడమటి కాలికి పట్టిన గుల్లలు గీకుతుంటే ఉలి జారి సముద్రంలో పడింది. ఇంకొకటి ఉంది. కిటికీల మీది ఉప్పు తుడిచాను. సాయంత్రానికి మళ్లీ పేరుకుంటుంది.

మధ్యాహ్నం పన్నెండు గంటలకు పన్నెండో మరతో పలకరింపు. పదకొండూ పన్నెండూ జంట మరలు. ఒక మరలోని మనిషి గొంతు రెండో మరలోని మనిషి రోజుకొకసారి వినాలి, విన్నట్టు పుస్తకంలో రాయాలి. అది నియమం. మరల మధ్య గొంతే తప్ప బొమ్మ వెళ్లదు. పన్నెండో మర కాపరి నూకాలు భావనపాడు మనిషి, యాభై ఎనిమిదేళ్లు, అక్క వరసలో నేను నూకాలప్ప అంటాను. నాకు పద్నాలుగు కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఆరేళ్లుగా ఆమె గొంతు వింటున్నాను, మొహం ఎరగను.

"ఉన్నాను" అన్న ఒక్క మాట చాలు. ఆమె అరగంట మాట్లాడుతుంది.

"నాయుడా, ఇయ్యాల ఎండు రొయ్యలు నానబెట్టి వంకాయిలో ఏసినాను. వంకాయంటే ఏటి వంకాయి, ఆ డబ్బాలోదే. ఉప్పు సూసుకోకుండా రెండుసార్లు ఏసీసినాను. నువ్వేటి తిన్నావు?"

"అన్నం."

"అన్నంలోకేటి?"

"ఏదో ఒకటి అప్పా."

ఆ తర్వాత రేడియో గొంతు బాగా తగ్గించి, నా పని చేసుకుంటూ మధ్యమధ్య "ఊఁ" అంటూ ఉన్నాను. చివర్లో గొంతు పెంచి "ఉంటాను అప్పా" అన్నాను. పుస్తకంలో "విన్నాను" అని రాశాను.

ఎడమవైపు కింది దవడ చివర కొంచెం సలుపు. చేప ముల్లేదో గుచ్చుకుని ఉంటుంది.

8వ రోజు

ముల్లు కాదు. అద్దం పెట్టుకుని చూశాను. చివరి పన్ను వెనక చిగురు ఉబ్బి గొడుగులా కప్పుకుని ఉంది. దాని అంచున తెల్లగా పన్ను మొన కనిపిస్తోంది. నాకు ముప్పయ్యొక్క ఏళ్లు. జ్ఞానదంతం ఇప్పుడు దారి వెతుక్కుంటున్నట్టుంది.

గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించాను. చుట్టూ ఇంత సముద్రం పెట్టుకుని మంచినీళ్లలో ఉప్పు కలుపుకుంటున్నానని నవ్వొచ్చింది. నవ్వితే చెవి దాకా లాగింది.

10వ రోజు

వైద్యపేటిక తెరిచాను. కింది గదిలో గోడకు బిగించి ఉంటుంది అది. ఒక వాలు కుర్చీ, ఒక దీపం, ఒక తెర, రెండు ఇనుప చేతులు. తీరంలో ఉన్న డాక్టరు వేలు కదిపితే ఇక్కడ ఈ చేతులు కదులుతాయి. ఎముక బొమ్మ తీసుకుని తీరానికి పంపింది. గంటలో డాక్టరు తెర మీదికి వచ్చారు.

డాక్టర్ మెహజబీన్, నోటి ఆపరేషన్లు చేసే ఆవిడ. జుట్టు సగం నెరిసింది, కళ్లద్దాలు మెడలో వేలాడుతున్నాయి. ఆవిడ వైపు చూస్తూ అడిగిన మాటకు జవాబు చెప్పడం మరిచిపోయాను. పడవ సిబ్బంది కాని మనిషి మొహం చూసి ఎన్నాళ్లయిందో.

"తవిటినాయుడు గారూ, నోరు ఎంత తెరవగలరో అంత తెరవండి. వేళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి పళ్ల మధ్య దూర్చండి. ఎన్ని పడుతున్నాయి?"

"రెండు."

"మూడు పట్టాలి." ఆవిడ బొమ్మ నాకు చూపించారు. "ఇదిగో, ఈ పన్ను నిలబడి లేదు, పడుకుని ఉంది. ముందున్న పంటికి తల ఆనించుకుని ఉంది. ఇలాంటిది ఎన్నాళ్లు ఆగినా బయటికి రాదు. పైనున్న చిగురు కింద తిండి ఇరుక్కుని చీము పడుతోంది. పేటికలో ఉన్న బిళ్లలు ఐదు రోజులు వేసుకోండి. వాపు తగ్గాక తీరానికి రండి, తీసేద్దాం. ముప్పావు గంట పని, అంతే."

"రాకపోతే?"

"రాకపోతే మళ్లీ వాస్తుంది. మీరు తీరానికి వచ్చి ఎన్నాళ్లయింది?"

ఆరేళ్లు అని చెప్పాను. ఏడాదికోసారి నెల సెలవు ఉంటుందని ఆవిడకు తెలుసు. ఎందుకు వాడుకోలేదని అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకూ తెలియదు. ఒక్క ఏడాది ఉండి వెళ్దామని వచ్చాను. మొదటి సెలవులో వెళ్లాలనిపించలేదు. రెండో సెలవుకు, వెళ్తే ఎవరితో ఏం మాట్లాడాలో తెలియదనిపించింది. తర్వాత ఆ సంగతే ఆలోచించలేదు.

"ఒకటి గుర్తుంచుకోండి," అన్నారావిడ. "మింగడం కష్టమైనా, నాలుక కింద గట్టిపడినా, ఊపిరి బరువనిపించినా వెంటనే పిలవండి. ఇప్పుడా అప్పుడా అని చూడొద్దు."

12వ రోజు

బిళ్లలు వేసుకుంటున్నాను. ఒకటిన్నర వేలు పడుతోంది. బుగ్గ గట్టిగా, వేడిగా ఉంది. అన్నం మెత్తగా పిసికి గంజిలో కలుపుకుని తాగాను. తూర్పున వాయుగుండమని తీర కార్యాలయం కబురు పంపింది. పైకెక్కి రెక్కలు కట్టేశాను. గాలి దెబ్బకు రెక్క విరగకుండా మనిషి చేత్తో గొలుసు వేయాల్సిందే. యంత్రాల మీద వదిలేసిన ఏడాది తీరమంతా వేసవిలో చీకటైపోయింది. అప్పుడే ప్రతి మరకూ ఒక మనిషిని పెట్టారు.

పలకరింపులో నూకాలప్ప వెంటనే పట్టేసింది.

"నీ గొంతేటి అలగుంది?"

"పన్ను అప్పా."

"ఏ పన్ను? వాసిందేటి? జొరముందేటి? దాక్టరమ్మకి సెప్పినావా?"

అన్నిటికీ "ఊఁ" అన్నాను. ఇవాళ రేడియో గొంతు తగ్గించలేదు. చాలాసేపు విన్నాను. ఆమె చిన్నప్పుడు వాళ్ల నాన్నకు దవడ వాస్తే వేడి ఇసుక మూట కట్టి కాపడం పెట్టారట. తగ్గిందా అని అడగాలనుకున్నాను, నోరు రాలేదు.

13వ రోజు

జ్వరం. ఒక వేలు. ఉమ్మి మింగుతుంటే గొంతులో ఏదో అడ్డం పడినట్టుంది. తుపాను గాలి మరను ఊపుతోంది.

డాక్టరుకు కబురు పెట్టాను. ఆవిడ నా నాలుక కింద నాచేతే వేలితో నొక్కించి చూశారు. "ఇంకా మెత్తగానే ఉంది, మంచిది. కానీ ఆగడానికి లేదు. చీము కిందికి దిగితే గొంతు మూసుకుపోతుంది. నేను హెలికాప్టర్ అడిగాను. ఈ గాలిలో లేవదన్నారు. రేపు పగలు ఒక్కపూట తెరిపి ఉంటుందట, వెనకే రెండో వాయుగుండం ఉందట. ఆ కాస్త తెరిపిని నమ్మి హెలికాప్టర్ పంపలేమంటున్నారు. కాబట్టి రేపు మీ పేటికతోనే చేసేద్దాం. ఒకసారి రెండు చేతులూ కదిపి చూస్తాను."

కుడి చెయ్యి లేచింది. ఎడమ చెయ్యి లేవలేదు.

ఆవిడ మళ్లీ ప్రయత్నించారు. కాగితాలేవో తిప్పారు. "ప్రతినెలా పరీక్షలో రెండు చేతులూ బాగున్నాయనే రాసి ఉంది కదా?"

నేను తల దించుకున్నాను. ఎడమ చెయ్యి ఉప్పు పట్టి బిగుసుకుపోయి ఐదు నెలలైంది. పాడైందని రాస్తే ముగ్గురు మనుషులు బాగుచేయడానికి వస్తారు, నాలుగు రోజులు ఇక్కడే తిని ఇక్కడే పడుకుంటారు. అది తలుచుకుని "బాగుంది" అని రాశాను. నెలనెలా అదే రాశాను. ఆ మాట డాక్టరుకు చెప్పాను. నోరు తెరుచుకోని మనిషి నిజం చెప్పడానికి చాలాసేపు పడుతుంది.

ఆవిడ కోప్పడలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

"ఒక్క చేత్తో నేను కోయగలను, కుట్టగలను. కానీ మీ బుగ్గ పక్కకు లాగి పట్టుకోవాలి. కింద దవడకు ఆసరా ఇవ్వాలి. లేకపోతే నేను నొక్కినప్పుడు కీలు జారిపోతుంది. ఇంకొక మనిషి కావాలి. మీకు దగ్గర్లో ఎవరున్నారు?"

దగ్గర్లో అన్న మాటకు నాకు ఒక్క పేరే తోచింది.

ఇది చీకటి పడకముందే రాస్తున్నాను. డాక్టరు తీర కార్యాలయాన్ని అనుమతి అడిగారు. ఆలోచించి చెబుతామన్నారు. నూకాలప్పకు కూడా కబురు చెప్పారు.

15వ రోజు

నిన్న రాయలేకపోయాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న తెల్లవారాక గాలి పడిపోయింది. అల మాత్రం ఇంకా పెద్దగానే ఉంది. తొమ్మిది కావస్తుండగా పడమటి కాలి దగ్గర చిన్న బోటు కనిపించింది. మర కాళ్లు శుభ్రం చేసుకోవడానికి ఇచ్చిన బోటు అది. అర కిలోమీటరు దాటి వెళ్లకూడదని దాని మీదే రాసి ఉంటుంది. ఒక మనిషి నిచ్చెన పట్టుకుని ఎక్కుతోంది. పొట్టి మనిషి, నల్లగా, చీర కచ్చ పోసి నారింజ రంగు లైఫ్ జాకెట్టు వేసుకుంది. నిలువెల్లా తడిసిపోయింది. నన్ను చూసి ఆగింది. నా మొహంలో సగం గుమ్మడికాయలా ఉంది.

"కార్యాలయం వాళ్లు సెప్తామన్నారు, సెప్పలేదు," అంది. "మరి నానొచ్చీసినాను."

అంతే. ఇంకేమీ మాట్లాడలేదు. చేతులు సబ్బు పెట్టి మోచేతుల దాకా మూడుసార్లు కడిగి, తొడుగులు వేసుకుని నా తల వెనక నిలబడింది.

డాక్టరు ప్రతిదీ చేసేముందు చెప్పారు. అది నాకు మేలైంది. "ముందు మత్తు సూది. చీమ కుట్టినట్టు ఉంటుంది, తర్వాత మంట. నిద్ర రాదు, తెలివిగానే ఉంటారు. పది నిమిషాల్లో సగం పెదవి, సగం నాలుక మొద్దుబారుతాయి. తర్వాత నొప్పి తెలియదు. ఒత్తిడి తెలుస్తుంది, చప్పుడు తెలుస్తుంది. ఆ రెండింటికీ మందు లేదు, ఓర్చుకోవాలి. నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తండి, ఆపేస్తాను."

మత్తు పట్టాక నోరు కొంచెం సడలింది. కుడివైపు పళ్ల మధ్య రబ్బరు దిమ్మ పెట్టారు. ఉమ్మి పీల్చే గొట్టం పెదవి అంచున తగిలించారు. నూకాలప్ప కుడిచేత్తో నా బుగ్గలో కొక్కెం పట్టుకుని లాగింది. ఎడమ అరచెయ్యి నా గడ్డం కింద పెట్టింది.

చిగురు కోయగానే నోరంతా చేదు, కుళ్లు వాసన. చీము. నాకు గొంతులోకి జారిపోతుందని భయం వేసింది, కాళ్లు తన్నుకున్నాను.

"మింగకు. మింగకు. ముక్కుతో పీల్సు," అంది చెవి దగ్గర. "గొట్టం లాగేస్తంది. ముక్కుతో పీల్సు నాయుడా."

పీల్చాను.

తర్వాత ఎముక కొంచెం తొలిచారు. ఆ చప్పుడు చెవుల్లోంచి కాదు, పుర్రె లోపలినుంచి వస్తుంది. పన్నును మూడు ముక్కలు చేశారు. "లాగడం కాదు ఇది, ముక్క చేసి ఎత్తడం," అన్నారు డాక్టరు. మొదటి ముక్క వచ్చింది. రెండోది వచ్చింది. అప్పుడే పెద్ద అల ఒకటి మర కాళ్లను కొట్టింది. గది ఊగింది, దీపం ఊగింది. ఇనుప చెయ్యి నోట్లోంచి టక్కున వెనక్కి వెళ్లింది. నూకాలప్ప చెయ్యి మాత్రం నా గడ్డం కింద నుంచి కదల్లేదు. ఆమె మోకాలు కుర్చీ అంచుకు తగిలి చిట్లిందని తర్వాత చూశాను.

మూడో ముక్క వేరు వంకరగా ఉంది. దాని పక్కనే పెదవికి వెళ్లే నరం ఉందట. ఇరవై నిమిషాలు పట్టింది. డాక్టరు మాట్లాడటం మానేశారు. నూకాలప్ప మొదటినుంచీ మాట్లాడటం లేదు. ఆ నిశ్శబ్దంలో నాకు గడ్డం కింద అరచెయ్యి ఒక్కటే తెలుస్తూ ఉంది. ఆరేళ్లలో నన్ను ఇంకొక మనిషి తాకలేదని అప్పుడు తట్టింది. కళ్లలోంచి నీళ్లు కారాయి. డాక్టరు చూసి "నొప్పా?" అని అడిగారు. చెయ్యి ఎత్తలేదు.

చీము పోవడానికి చిన్న రబ్బరు పట్టీ ఉంచి, మూడు కుట్లు వేశారు. గుడ్డ మడిచి పెట్టి "ముప్పావు గంట గట్టిగా కొరికి పట్టుకోండి" అన్నారు. మిగతావి నూకాలప్ప కాగితం మీద రాసుకుంది. ఉమ్మకూడదు. గొట్టంతో పీల్చి తాగకూడదు. ఇవాళ పుక్కిలించకూడదు, రేపటినుంచి ఉప్పునీళ్లు మెల్లిగా. వేడివి వద్దు, చల్లగా మెత్తగా తినాలి. బుగ్గ మీద మంచు పది నిమిషాలు పెట్టాలి, పది నిమిషాలు తీయాలి. తల కింద రెండు దిండ్లు. వాపు మూడో రోజు దాకా పెరుగుతుంది, చూసి భయపడకూడదు. వారానికి కుట్లు తీయాలి. ఇవాళంతా మాట్లాడకూడదు.

చివరిది అందరికంటే నాకు తేలిక. కానీ నిన్న మాత్రం కష్టమైంది.

నూకాలప్ప నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. మంచు పెట్టింది, తీసింది. గుడ్డ మార్చింది. గంజి చల్లార్చి చెంచాతో పోసింది. రేడియోలో అరగంట ఊపిరి తీసుకోకుండా మాట్లాడే మనిషి, పూటంతా పది మాటలు కూడా మాట్లాడలేదు. కోపమేమో అనుకున్నాను. పెన్సిల్ తీసుకుని, "మాట్లాడటం లేదేం అప్పా?" అని రాసి చూపించాను.

చదివి, కాగితం తిరిగి నా ఒళ్లో పెట్టింది.

"మనిషి ఎదురుగున్నప్పుడు మాటెందుకు?" అంది. "అక్కడయితే నువ్వున్నావో నేవో తెలీదు గదా. నువ్వు ఊఁ అంటావు, మళ్లీ సప్పుడుండదు. మాటాడతా ఉంటే, ఇంటన్నావులే అనుకుంతాను."

నేను మొహం గోడ వైపు తిప్పుకున్నాను. ఆమె మంచు సరిగా అందడం లేదని నా తల పట్టుకుని మళ్లీ ఇటు తిప్పింది.

రెండో గాలి ఇవాళ రాత్రికి గాని రాదని నిన్న కార్యాలయం కబురు మార్చింది, అది ఇవాళ పొద్దున్నే లేచింది. నూకాలప్ప పది గంటలకు వెళ్తానంది. వద్దు అని రాశాను. "గాలి పడ్డాక నా రెక్కలు ఇప్పీసినాను, మళ్లీ కట్టీలేదు," అని బోటు దిగింది. అలల మధ్య ఆ బోటు కనబడుతూ మాయమవుతూ వెళ్లింది. నేను పైకెక్కి, కంటికి ఆనేదాకా చూశాను.

పన్నెండు గంటలకు పలకరింపు లేదు. ఒంటి గంటకు లేదు. పుస్తకం తెరిచి కూర్చున్నాను, ఏం రాయాలో తెలియలేదు. రెండున్నరకు గొంతు వినబడింది.

"వచ్చీసినాను నాయుడా. నువ్వు మాటాడకు. ఒక రెక్క పగిలిపోయింది."

17వ రోజు

వాపు ఎక్కువగా ఉంది. ఎడమ కన్ను సగమే తెరుచుకుంటోంది. డాక్టరు తెర మీద చూసి, ఇది ఉండాల్సిందే అన్నారు. రబ్బరు పట్టీ ఇనుప చేత్తో తీసేశారు. జ్వరం లేదు. మింగగలుగుతున్నాను.

తీర కార్యాలయం విచారణ మొదలుపెట్టింది. పన్నెండో మర రెక్క పగలడంతో తీరంలో పద్దెనిమిది ఊళ్లకు రెండు రోజులు కరెంటు లేదు. కాపరి అనుమతి లేకుండా మర వదిలి ముప్పై గంటలకు పైగా బయట ఉంది. తీసేస్తారని పడవ సిబ్బంది రేడియోలో అనుకుంటున్నారు.

ఎవరైనా ఏమైనా చెప్పుకోవాలంటే గొంతుతో చెప్పాలి, రాత చెల్లదు. డాక్టరు ఇంకో రెండు రోజులు నోరు అలసిపోనివ్వద్దన్నారు. విచారణ ఇవాళే ముగుస్తుందన్నారు. నేను ముప్పై ఐదు నిమిషాలు మాట్లాడాను. ఎడమ చెయ్యి పాడైన తేదీ చెప్పాను. ఐదు నెలలు ఏం రాశానో చెప్పాను, ఎందుకు రాశానో కూడా చెప్పాను. ఆ చెయ్యి బాగుండి ఉంటే ఆమె రావాల్సిన పని లేదని చెప్పాను. అవతల ఎవరో ఒక గొంతు, "ఎందుకు అన్నది మళ్లీ చెప్పండి, అర్థం కాలేదు," అంది.

"మనుషులు వస్తారని," అన్నాను.

19వ రోజు

పన్ను తీసిన చోట కొత్త నొప్పి. చెవిలోకి, కణతలోకి కొడుతోంది. బిళ్లకు లొంగడం లేదు. నోట్లో చెడ్డ వాసన. డాక్టరు చూసి చెప్పారు: పన్ను తీసిన గుంటలో నెత్తురు గడ్డకట్టి మూతలా ఉండాలి, అది ఊడిపోయింది, ఎముకకు గాలి తగులుతోంది. కొందరికి మూడో రోజుకో ఐదో రోజుకో ఇలా అవుతుందట. ప్రమాదం కాదు, నొప్పి మాత్రం పన్ను తీసినప్పటికంటే ఎక్కువ.

"నేను మాట్లాడినందుకా?"

"ఇదీ కారణమని చెప్పలేను. అంత చీము పట్టిన చోట ఎలాగైనా అయ్యేదేమో." ఆవిడ కళ్లద్దాలు తీసి మెడలో వదిలారు. "విచారణలో చెప్పింది విన్నాను."

అద్దం పెట్టుకుని, ఆవిడ చెబుతుండగా గుంట కడిగి, మందులో తడిపిన గుడ్డ ముక్క చిన్న పట్టకారుతో నేనే దూర్చాను. లవంగం నూనె వాసన. పది నిమిషాల్లో నొప్పి ఎవరో చేత్తో తీసేసినట్టు తగ్గింది. కుర్చీలోనే నిద్రపోయాను.

22వ రోజు

నిన్న కుట్లు తీశారు. రెండు వేళ్లు. ఎడమవైపు పెదవి కింద రూపాయి బిళ్లంత మేర ఇంకా మొద్దుగా ఉంది. నెలలు పట్టవచ్చు, వస్తుంది అన్నారు.

తీర్పు వచ్చింది. తప్పుడు నమోదులు చేసినందుకు పదకొండో మర కాపరి తవిటినాయుడును తొలగించారు, వచ్చే పడవలో తీరానికి రావాలి. పన్నెండో మర కాపరి నూకాలుకు హెచ్చరికతో సరిపెట్టారు.

నాకు నిజంగా సంతోషమేసింది. పన్నెండు దాకా ఆగలేక ముందే పిలిచాను.

"ఇన్నాను," అంది. గొంతులో సంతోషం లేదు. "ఎందుకు సెప్పినావు నాయుడా? నానెలిపోదును గదా. ముసిల్దాన్ని."

"అక్కడ నీకెవరున్నారు అప్పా? తీరంలో?"

"ఇక్కడెవులున్నారు, నువ్వు తప్ప?"

 ఈసారి నేను ఊఁ అనలేదు. అటువైపు గాలి చప్పుడు వినబడుతోంది. ఆమె ఎదురు చూస్తోందని తెలుసు.

"వంకాయ ఇంకా ఉందా?" అని అడిగాను చివరికి.

"ఉంది. ఒక డబ్బా," అంది. ఆ డబ్బా మీద తేదీ ఏమిటో, మూత ఎలా తుప్పు పట్టిందో చెప్పింది. నేను అడుగుతూ పోయాను. వాళ్ల నాన్న దవడ సంగతి కూడా అడిగాను. తగ్గలేదట. ఊళ్లో ఒకాయన పన్ను ఊడబెరికితే తగ్గిందట.

31వ రోజు

వాపు పూర్తిగా పోయింది. అద్దంలో నా పాత మొహం నాకే కొత్తగా ఉంది.

కొత్త కాపరి దొరకలేదట. ఇంకో పడవ వచ్చే వరకు, అంటే నలభై రోజులు, పదకొండో మర రెక్కలు కట్టేసి ఖాళీగా ఉంచుతారట. ఆ సంగతి నూకాలప్పకు ఇవాళ చెప్పాను. పదమూడుతో జంట కలుపుతారా అని అడిగింది. పదమూడుకి పద్నాలుగుతో జంట ఉంది, కలపరు. "పోనీలే," అని, సొరచేప ఒకటి రెండ్రోజులుగా మర చుట్టూ తిరుగుతోందని చెప్పింది. ఇద్దరం మూడు గంటల దాకా మాట్లాడుకున్నాం.

40వ రోజు

రెక్కలు కట్టేశాను. జల్లెడ కడిగి బోర్లించాను. ఎడమ చెయ్యి పాడైందని పేటిక మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించాను. ఉప్పు తుడవలేదు.

ఇది పడవలో కూర్చుని రాస్తున్నాను. 

పడవ పన్నెండో మర మీదుగానే వెళ్తుంది, అక్కడ ఆగే పని మాత్రం ఈ విడత లేదు. సరుకు తెచ్చేటప్పుడే దించేశారు. పడవ నడిపే లింగరాజును అడిగాను.

"ఆపడానికి నేదు బాబూ. సిన్నగా పోనిస్తాను. అంతే నా సేతిలో ఉంది," అన్నాడు.

పై అంతస్తు అంచున నూకాలప్ప నిలబడి ఉంది. ఎండకు చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంది. పడవలో మేం తొమ్మిది మందిమి, సెలవు మీద వెళ్తున్న కాపరులు, సిబ్బంది. అందరం ఒకే రంగు లైఫ్ జాకెట్లలో ఉన్నాం. ఆమె చెయ్యి తీసి మా అందరినీ ఒకరి తర్వాత ఒకరిని చూస్తోంది. నేను చెయ్యి ఊపాను. ఒంటరి మర కనిపిస్తే ఎవరైనా ఊపుతారు, మిగతా వాళ్లూ ఊపారు. ఆమె కూడా ఊపింది, మొత్తం పడవకు.

అప్పుడర్థమైంది. ఆమె నన్ను చూసింది ఒక్క రోజు, మొహం వాచిపోయి ఉండగా. ఈ తొమ్మిది మందిలో నేనెవరో ఆమెకు తెలియదు.

రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, తెరవగలిగినంత తెరిచాను. దవడ కీలు కలుక్కుమంది.

"అప్పా!" అని అరిచాను. "నూకాలప్పా!"

పక్కనున్న వాళ్లు ఉలిక్కిపడి చూశారు. గాలి ఎదురుగా ఉంది. మాట అక్కడిదాకా చేరిందో లేదో తెలియలేదు. మళ్లీ అరిచాను.

ఊపుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. మెల్లిగా కిందికి దించింది. అంచుకు ఇంకొక అడుగు ముందుకు వచ్చి, కడ్డీ పట్టుకుని, సూటిగా నా వైపే చూస్తూ నిలబడింది. పడవ మలుపు తిరిగి, మర కాలు అడ్డం వచ్చేదాకా అలాగే నిలబడి ఉంది.